తిరగని మోటరు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎవరైనా ఫిజిక్స్ చదువుతున్నానంటే ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగి, ఇంట్లో అంతా క్షేమమేనా అన్నట్టు చూసేవారు. వాళ్లని అని లాభం లేదు. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనపడితే జావా పోస్టరు, కరెంటు స్తంభం కనపడితే ఒరాకిల్ కాగితం. బస్సు దిగి రెండో కాలు నేల మీద పెట్టేలోపు చేతిలో నాలుగు కరపత్రాలు పడేవి. పొద్దున్నే బండి దగ్గర నిలబడి ఇడ్లీ తినేవాళ్లు కూడా నములుతూ నములుతూ ఏదో ఒక కంప్యూటర్ భాష వల్లె వేసుకునేవారు. దాన్ని వెక్కిరించేవాళ్లు ఉన్నారు గానీ నేను వెక్కిరించను. అన్నం పెట్టే చదువు వైపు పరుగెత్తడం తప్పెలా అవుతుంది? కాకపోతే ఆ పరుగుకు ఎదురు నడిచే మనిషికి మోచేతి పోట్లు తప్పవు. అలా పోట్లు తిన్న మనిషి పేరు ఫఖ్రున్నీసా.

ఆమె జహూర్ కూతురు. జహూర్ అంటే అమీర్‌పేట మార్కెట్ వెనక సందులో కాలిపోయిన మోటర్లకు కొత్త తీగ చుట్టే జహూర్. ఇల్లు యూసుఫ్‌గూడలో, బతుకంతా ఆ షాపులో. ఐటీ బూమ్ అలాంటివాళ్ల దాకా రాలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వచ్చింది, కాలిన మోటర్ల రూపంలో వచ్చింది. ఎస్.ఆర్. నగర్‌లో నలుగురుండే ఇల్లు హాస్టలైపోయి, నలభై మంది స్నానాలకు నీళ్లు తోడాల్సి వస్తే పాత మోటరు ఎన్నాళ్లు తట్టుకుంటుంది? పొగ కక్కుకుని జహూర్ గుమ్మం ముందు వచ్చి పడేది. జావా నేర్చుకునే పిల్లలు పెరిగినకొద్దీ జహూర్‌కి తల ఎత్తడానికి తీరిక లేకుండా పోయింది.

ఫఖ్రున్నీసా బడి నుంచి నేరుగా ఆ షాపుకే వచ్చేది. తండ్రి తీగ చుడుతుంటే ఆమె చుట్లు లెక్కపెట్టేది. లెక్క తప్పితే జహూర్ మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు, తిట్టేవాడు మాత్రం కాదు. తీగలో కరెంటు పోతుంటే ఇనుము ఎందుకు అతుక్కుంటుందని ఒకసారి అడిగింది. "కరెంటు ఉన్నంతసేపే దాని దౌలత్ బేటీ. కరెంటు పోతే అదీ మనలెక్కనే" అన్నాడు జహూర్. ఆ జవాబు పిల్లకు సరిపోలేదు. అసలు జవాబు కోసం ఇంటర్ చదివింది, డిగ్రీ చదివింది, ఎమ్మెస్సీ చదివింది. పొద్దునపూట ఒక కాలేజీలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతూ, మధ్యాహ్నం నుంచి పంజాగుట్టలో ఇంకో కాలేజీలో చక్రపాణి గారి దగ్గర రీసెర్చ్ మొదలుపెట్టింది.

చక్రపాణి గారిది తెనాలి వైపు. మంచివాడే గానీ కొంచెం తొందర మనిషి. పొయ్యి మీద పెట్టకముందే వడ్డించమనే రకం. ఆయనకొక ప్రశ్న పట్టుకుంది. సోలార్ పలకలు మేడల మీదికి ఎక్కుతున్నాయి. ఆ మేడల పక్కనే ట్రాన్స్‌ఫార్మర్లు, సెల్‌ఫోన్ టవర్లు, లిఫ్టు మోటర్లు. వాటి అయస్కాంత క్షేత్రం పలకలోని సిలికాన్‌ని ఏమైనా చేస్తుందా? విషయం వినడానికి గట్టిగా ఉంది గానీ అర్థం చేసుకోవడం తేలికే. వెలుగు పడితే సిలికాన్ బిళ్ళలో ఎలక్ట్రాన్లు ఊడి ఒక వైపుకి నడుస్తాయి, ఆ నడకే మనకొచ్చే కరెంటు. అయస్కాంతం పెడితే నడిచేవాటిని పక్కకు నెడుతుంది. దారి వంకరైతే కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి. అప్పుడు కరెంటు తగ్గాలి. ఎంత తగ్గుతుంది, ఎలా తగ్గుతుంది అన్నది ఫఖ్రున్నీసా తేల్చాలి.

ఇంట్లో ఈ సంగతి ఎవరికీ కొరుకుడు పడలేదు. అన్న కాశిఫ్ పంజాగుట్టలోనే ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరి, మెడలో బిళ్ళ వేసుకుని తిరుగుతున్నాడు. చెల్లెలంటే ప్రాణం, అందుకే ఆమె చెవిలో జోరీగలా తయారయ్యాడు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, మనకోసం తెలుగులో చెబుతున్నాను.

"ఎన్ని రోజులు ఆ అయస్కాంతం ముందర కూసుంటవ్ ఫక్రూ? నీ అంత దిమాక్ నాకుంటే ఈపాటికి మేనేజర్ అయితుంటి" అన్నాడొక రోజు.

"సెమినార్ అయిపోనీ భాయ్" అంది.

"సరే, గట్లనే కానీ. సెమినార్ల నీ పని ఖరారైతే నీ ఇష్టం, నేను మళ్ల నోరు తెరవ. కాకుంటే సెమినార్ అయినంక వచ్చే సోమవారం నుంచి జావా కొత్త బ్యాచ్‌ల కూసుంటవ్. పేరు చెప్పి పెట్టిన. మాట ఇస్తవా?"

ఫఖ్రున్నీసా జహూర్ వైపు చూసింది. ఆయన అన్నం పళ్లెంలోకి చూస్తున్నాడు. ఆమె మాట ఇచ్చింది. జహూర్ ఇంట్లో మాటంటే మాటే, తర్వాత ఇటూ అటూ జరపడం ఉండదు. యూనివర్సిటీ కమిటీ ముందు జరిగే ఆ సెమినార్‌లో చెప్పుకోదగ్గ ఫలితం చూపిస్తే ఆమె ఫిజిక్స్‌లో ఉంటుంది. చూపించలేకపోతే ఫిజిక్స్‌కి దండం పెట్టి మైత్రీవనం మెట్లెక్కాలి.

చక్రపాణి గారి కాలేజీలో ఉన్న పాత అయస్కాంతం గుండుసూదిని కూడా బతిమాలి లాక్కోవాలి. కొత్తది కొనే ఆశ లేదు. జహూరే చుట్టిచ్చాడు. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప రేకులు పేర్చి, మధ్యలో సన్నటి సందు వదిలి, రెండు పక్కలా కాయిల్స్ చుట్టాడు. కావలసినంత లావు తీగ దొరకలేదు. అలాంటప్పుడు ఆయన ఎప్పుడూ చేసే పనే చేశాడు. రెండు సన్న తీగలు జతగా పట్టుకుని కలిపి చుట్టాడు. జోడీ తీగ అంటారు దాన్ని. ఏ కొస ఏ తీగదో తికమక పడకుండా ఒక తీగ మొదలుకు ఎర్ర దారం కట్టడం ఆయన పద్ధతి. చుట్టి, వార్నిష్‌లో ముంచి, బల్బు కింద ఆరబెట్టాడు. స్కూటర్ వెనక కూర్చుని ఫఖ్రున్నీసా ఆ బరువుని ఒళ్లో పెట్టుకుని పంజాగుట్ట చౌరస్తా దాటుతుంటే ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా వంగి చూశాడు.

పని మొదలైంది. తపాలా బిళ్ళంత సోలార్ సెల్‌ని అయస్కాంతం సందులో నిలబెట్టి, ముందు నుంచి దీపం వేసింది. అమీర్‌పేట, పంజాగుట్టల్లో కరెంటు ఒక్క తీరున ఉండదు కాబట్టి దీపాన్ని కారు బ్యాటరీతో వెలిగించింది. దీపం వేడి సెల్‌కి తగలకుండా మధ్యలో గాజు తొట్టెలో నీళ్లు పెట్టింది. పక్కన థర్మామీటరు వేలాడదీసింది. అన్నీ పద్ధతిగా చేసుకుంది. అయస్కాంతానికి కరెంటు పెంచుతూ పోతే సెల్ వోల్టేజి తగ్గుతూ పోయింది. ఏ రోజు చూసినా అంతే. కొద్దో గొప్పో కాదు, మీటరు మీద ఎవరికైనా కనపడేంత.

చక్రపాణి గారి కాలు నేల మీద నిలవలేదు.

"ఏంటమ్మా ఇది, ఇంత స్పష్టంగా వస్తే ఇంకా ఆలోచిస్తావేంటి? పుస్తకాల్లో వోల్టేజి రవ్వంత పెరగాలని ఉంది. మనకి ఇంత తగ్గుతోంది. కొత్త విషయం పట్టాం" అని, ఆ సాయంత్రమే సెమినార్‌కి సారాంశం పంపించేశారు. అయస్కాంత క్షేత్రం సోలార్ సెల్‌కి గట్టి దెబ్బ అని అందులో ఉంది.

ఫఖ్రున్నీసాకి సంతోషంగానే ఉంది. కాశిఫ్‌తో చెప్పాల్సిన మాటలు కూడా మనసులో తయారు చేసుకుంది. ఆ సంతోషం మీద నీళ్లు పోసింది కరెంటాఫీసు.

వేసవి కోతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం అయస్కాంతం నిండా కరెంటులో ఉండగా ఠక్కున పోయింది. ఫ్యాను ఆగింది, అయస్కాంతం చచ్చింది. దీపం మాత్రం బ్యాటరీది కాబట్టి వెలుగుతూనే ఉంది. ఆమె అలవాటుగా మీటరు వైపు చూసింది. అయస్కాంతం పోయింది కదా, వోల్టేజి ఒక్క దూకున పాత చోటికి రావాలి. రాలేదు. కొంచెం కొంచెంగా, టీ గ్లాసు చల్లారినట్టు, తీరుబడిగా పైకి పాకుతోంది.

ఫఖ్రున్నీసా మీటరుకు దగ్గరగా వంగింది. కరెంటు పోతే అయస్కాంతం దౌలత్ అప్పుడే పోతుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నెమ్మదిగా పోయేది వేడి ఒక్కటే. లేచి అయస్కాంతం ఇనుము మీద చెయ్యి పెట్టింది. కాలుతోంది. సెల్ ఆ ఇనుముని ఆనుకునే ఉంది. థర్మామీటరేమో ఇంతకాలం ఫ్యాను గాలిలో ఊగుతూ గది వేడి చెబుతోంది. సిలికాన్ వేడెక్కితే వోల్టేజి తగ్గుతుందని ఆమే ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పింది. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టుకున్నట్టు, దీపం వేడిని నీళ్లతో ఆపి, వెనక నుంచి వచ్చే అయస్కాంతం వేడిని చూసుకోలేదు. పుస్తకాలను కాదన్న ఆ కొత్త విషయం వట్టి వేడి.

నోరు మూసుకుంటే సరిపోయేది. గదిలో ఇంకెవరూ లేరు. సారాంశం వెళ్లిపోయింది, గైడు సంతోషంగా ఉన్నారు, కమిటీ వాళ్లు ఆ ఇనుము మీద చెయ్యి పెట్టి చూడరు. ఈ ఆలోచన ఆమెకు రాలేదని నేను చెప్పను. వచ్చింది. కరెంటు తిరిగి వచ్చేదాకా ఆమెతోనే కూర్చుంది కూడా. కానీ లెక్క తప్పితే మొత్తం విప్పే మనిషి చేతుల్లో పెరిగిన పిల్ల. మర్నాడు పొద్దున్నే చక్రపాణి గారి గది ముందు నిలబడింది.

అంతా విని ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అబ్‌స్ట్రాక్ట్ పంపించేశాం కదమ్మా. ఇప్పుడు కమిటీ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"అబద్ధం పంపినం సార్."

"తెలిసి పంపామా ఏంటి?"

"ఇప్పుడు తెలిసింది గదా సార్."

చక్రపాణి గారు కళ్లజోడు మళ్లీ తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది, ఎవరి మీదో ఆయనకే తేలలేదు. చివరికి, "వేడిని పక్కన పెట్టి వట్టి అయస్కాంతం పని చూపించగలవా? సెమినార్ దగ్గరికొచ్చేసింది. చూపించలేకపోతే నేను లేచి ఇది వెనక్కి తీసుకుంటున్నామని చెప్పేస్తాను, అంతే" అన్నారు. ఆయనలో నాకు నచ్చే సంగతి ఇదే. తొందరపడినా దొంగపని చేయరు.

వేడిని ఎలా విడదీయాలి? అయస్కాంతం కావాలంటే కరెంటు పంపాలి, కరెంటు పంపితే తీగ వేడెక్కుతుంది. ఫ్యాన్లు పెట్టింది, ఇనుము చుట్టూ తడిగుడ్డ చుట్టింది, చల్లారేదాకా ఆగి ఆగి చేసింది. అంకెలు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వచ్చాయి. అన్నం సహించలేదు. కాశిఫ్ కొత్త బ్యాచ్ వాళ్లిచ్చిన పుస్తకం తెచ్చి ఆమె మంచం మీద పెట్టాడు, ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ తగిలింది.

ఒక ఆదివారం ఊరికే షాపులో వచ్చి కూర్చుంది. అదే రోజు మొగిలయ్య కూడా వచ్చాడు. ఎస్.ఆర్. నగర్‌లో ఆయనకొక హాస్టల్ ఉంది, జహూర్‌కి పాత బేరం. కాలిన మోటరుకి జహూర్ జోడీ తీగే చుట్టి సిద్ధంగా ఉంచాడు.

"జల్దీ గావాలె జహూర్ భాయ్. పొద్దటి సంది నీళ్లు లేవు, పోరగాళ్లు లొల్లి లొల్లి చేస్తున్నరు" అన్నాడు మొగిలయ్య.

"ఒక్కసారి తిప్పి చూపిస్త, తీస్కపో" అని జహూర్ స్విచ్చి వేశాడు.

మోటరు తిరగలేదు. అది పెద్ద వింత కాదు, ఒక్కోసారి తిరగనని మొరాయించే మోటరు గుర్రుమని మూలుగుతుంది. ఇది మూలగను కూడా మూలగలేదు. ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని, చూస్తుండగానే వార్నిష్ వాసన కొట్టింది. ఫ్యూజు టప్పుమంది. జహూర్ తడుముకుంటూ వంగి కొసలు చూశాడు. ఎర్ర దారం తప్పు కొసకు కట్టి ఉంది. జతలో ఒక తీగ ఇటు పోతుంటే రెండోది అటు పోతోంది.

"ఏమైంది భాయ్?" అన్నాడు మొగిలయ్య.

"కనెక్షన్ ఉల్టా అయింది."

"నీ చేతిల ఎన్నడు గిట్ల గాలే."

ఆ మాటలో తిట్టు లేదు, కానీ జహూర్‌కి తల కొట్టేసినంత పనైంది. కొంతకాలంగా సన్నటి తీగ ఆయనకు మసకగా కనిపిస్తోంది. కళ్లజోడు పెట్టుకోమంటే ముసలోళ్లకని కొట్టిపారేసేవాడు. ఇప్పుడు కస్టమర్ ముందు, కూతురి ముందు దొరికిపోయాడు. సాయంత్రానికి సరి చేసి పంపిస్తానని మొగిలయ్యను సాగనంపి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఫఖ్రున్నీసా తండ్రి దగ్గరికి వెళ్లలేదు. మోటరు దగ్గరికి వెళ్లింది. చెయ్యి పెట్టింది, మండుతోంది. నాన్నను ఆమె అబ్బా అనే పిలుస్తుంది.

"అబ్బా, ఇది ఇంత వేడిగుంది గానీ మూలగలేదు ఎందుకు?"

"ఎట్ల మూలుగుతది? ఒక తీగ అయస్కాంతం జేస్తే ఇంకో తీగ దాన్ని తినేస్తది. వేడి తప్ప ఏం మిగలదు. వదిలెయ్ బేటీ, పుండు మీద కారం చల్లకు."

వేడి తప్ప ఏమీ మిగలదు. ఆమె ఆ మాటను లోపల మళ్లీ మళ్లీ తిప్పుకుంది. కాలేజీలో ఉన్న ఆమె అయస్కాంతం కూడా జోడీ తీగదే. రెండు తీగల్లో కరెంటు ఒకే వైపు పోతే వేడి, అయస్కాంతం రెండూ ఉంటాయి. ఒక తీగలో వెనక్కి తిప్పితే అదే కరెంటు, అదే వేడి, అయస్కాంతం మాత్రం ఉండదు. వేడిని తీసేయాల్సిన పనే లేదు. వేడిని అలాగే ఉంచి అయస్కాంతాన్ని మాత్రమే వేయొచ్చు, తీయొచ్చు. ఇన్నాళ్లూ వేడితో కొట్లాడింది గానీ దాన్ని దాని మానాన వదిలేయాలని తోచలేదు.

"అబ్బా, మీ తప్పు నాకు కావాలె" అంది.

జహూర్ తిరిగి చూశాడు. ఎగతాళి చేస్తోందేమో అని మొహం వెతికాడు. ఆమె చెప్పుకొచ్చింది, దక్కనీలో, తెలుగులో, చేతులతో, నేల మీద వేలితో గీసి. ఆయన సగంలోనే తల అడ్డంగా ఊపాడు.

"నా జిందగీల తెలిసి ఉల్టా కనెక్షన్ ఇయ్యలే. ఇయ్యాల తెల్వక ఇచ్చిన, సిగ్గు పోయింది. ఇప్పుడు తెలిసి ఇయ్యాలంటవా? అది గూడ పెద్ద పెద్ద సార్లు చూస్తుంటే?"

"అబ్బా, సరిగ్గ కనెక్షన్ ఇచ్చేటోళ్లు మస్తుమంది ఉన్నరు. నాకు ఇదే కావాలె. ఇది లేకుంటే నేను సోమవారం బ్యాచ్‌ల కూసుంట."

జహూర్ ఆ మోటరును ఒకసారి చేత్తో తడిమి చూశాడు. తర్వాత లేచి పెట్టెలోంచి పాత మోటరు స్టార్టర్ స్విచ్చి ఒకటి తీశాడు, పిడి ఇటు వేస్తే కరెంటు ఒక దిక్కు, అటు వేస్తే ఇంకో దిక్కు. "సీదా ఇటు, ఉల్టా అటు" అంటూ దాన్ని తుడిచి, స్విచ్చికి ఉల్టా వైపున ఎర్ర దారం కట్టాడు.

పంజాగుట్టలో తండ్రీ కూతుళ్లు స్విచ్చి బిగించాక మొదట స్క్రూడ్రైవర్‌తో చూశారు. పిడి ఇటు వేస్తే అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని చేతిలోంచి లాక్కుంది. ఎర్ర దారం వైపు వేస్తే దాన్ని పట్టించుకోలేదు. ఇనుము వేడి మాత్రం రెండు వైపులా ఒక్కటే. ఈసారి థర్మామీటరు గాలిలో లేదు, సెల్ వీపుకి అంటించి ఉంది. వేడి నిలకడ పడేదాకా ఆగి ఫఖ్రున్నీసా పిడి తిప్పింది. మీటరు మీద వోల్టేజి కదల్లేదు. చక్రపాణి గారు పట్టామనుకున్న కొత్త విషయం అక్కడికక్కడే మాయమైంది.

మరి కరెంటు? అది మారితే వెంట్రుకవాసి మారాలి, మామూలు మీటరుకు అందదు. ఒకేలాంటి రెండు సెల్స్‌ని ఒకటి సందులో, ఒకటి బయట పెట్టి, వాటి కరెంటు ఒకదానికొకటి ఎదురు నిలిచేలా కలిపింది. తేడా ఉంటేనే తెలిసేలా కాలేజీలో మూలపడిన, ఇసుమంత కరెంటును కూడా పట్టే అద్దం గాల్వనోమీటరును దులిపి, అయస్కాంతానికి దూరంగా పక్క గదిలో పెట్టింది. దాని అద్దం మీద పడ్డ వెలుగు చుక్క గోడకున్న స్కేలు మీద నిలబడింది. రెండు సెల్స్ సమానంగా ఉన్నంతసేపూ చుక్క మధ్యలో. ఫఖ్రున్నీసా పిడి తిప్పింది. పక్క గదిలోంచి జహూర్ కేక వినిపించింది.

"నడిచింది బేటీ."

మళ్లీ తిప్పింది.

"వాపస్ వచ్చింది."

పాకలేదు, టీలా చల్లారలేదు. తిప్పగానే కదిలింది, తిప్పగానే వచ్చింది. ఎంత కదలాలని పుస్తకాల లెక్క చెబుతోందో ఇంచుమించు అంతే కదిలింది. ఫఖ్రున్నీసా కుర్చీలో కూలబడి ఏడ్చింది. సంతోషంతో ఏడ్చిందని వేరే చెప్పాలా?

సెమినార్ రోజు కమిటీలో అందరికన్నా పెద్ద ప్రొఫెసర్ హైమవతి గారు. ఆమె ముందు నోరు తెరవడానికి లెక్చరర్లే నీళ్లు నమిలేవారని పేరు. చక్రపాణి గారు మాట నిలబెట్టుకున్నారు. ముందుగా లేచి, పంపిన సారాంశం తప్పని, ఆ తప్పు పట్టింది తన విద్యార్థినే అని చెప్పి కూర్చున్నారు. తర్వాత ఫఖ్రున్నీసా అయస్కాంతం చూపించింది, పిడి తిప్పింది. గాల్వనోమీటరు హాలు రెండో చివర ఉంది, దాని చుక్క గోడ మీద అందరి ముందూ కదిలింది. అయస్కాంతాన్ని మోసుకొచ్చిన జహూర్ వెనక వరసలో, కుర్చీ అంచున కూర్చున్నాడు.

హైమవతి గారు చుక్కను చాలాసేపు చూశారు. "నీ అయస్కాంతం అంత దూరం నుంచి గాల్వనోమీటరునే లాగుతోందని నేనంటాను. సెల్‌కి ఏమీ కాలేదంటాను. కాదని ఎలా చెబుతావు?"

చక్రపాణి గారు జేబు రుమాలు తీశారు. ఫఖ్రున్నీసా మాత్రం ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు బల్ల కింద నుంచి నల్లరంగు వేసిన రేకు డబ్బా ఒకటి తీసి రెండు సెల్స్ మీదా బోర్లించింది.

"వెలుగు లేదు మేడమ్. ఇప్పుడు సెల్స్‌లో నడిచేవాళ్లెవరూ లేరు. మీరే తిప్పండి."

హైమవతి గారు లేచి వచ్చి స్వయంగా తిప్పారు. చుక్క మేకు కొట్టినట్టు ఉండిపోయింది. ఇంకోసారి తిప్పారు, అంతే. ఫఖ్రున్నీసా డబ్బా తీసింది. హైమవతి గారు పిడి తిప్పారు. చుక్క చక్కగా పక్కకు జరిగింది. ఆవిడ మళ్లీ తిప్పారు, మళ్లీ తిప్పారు. పదవి, వయసు పక్కన పెట్టి పిల్లలు కొత్త బొమ్మతో ఆడుకున్నట్టు తిప్పుతూనే ఉన్నారు. హాల్లో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు.

"అయితే మేడల మీద పలకలకు ట్రాన్స్‌ఫార్మర్లతో, టవర్లతో ప్రమాదం లేదంటావు?" అన్నారు ఆవిడ.

"వాటి క్షేత్రం దీని ముందు లెక్కలోకే రాదు మేడమ్. ఇంత బలమైన అయస్కాంతమే చుక్కను ఇంత మాత్రం జరిపింది. పలకలు భయపడాల్సింది వేడికి. నేనూ దాని చేతిలోనే మోసపోయిన."

"ఈ ఉల్టా తీగ ఆలోచన ఎవరిది? ఏ పుస్తకంలో చూశావు?"

ఫఖ్రున్నీసా వెనక వరస వైపు చూసింది. జహూర్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె చెప్పేసింది. షాపు, మొగిలయ్య మోటరు, తప్పు కొసకు కట్టిన ఎర్ర దారం, ఏదీ దాచలేదు. "ఆలోచన నాది మేడమ్. తప్పు మాత్రం మా అబ్బాది. ఆ తప్పు లేకుంటే నేనీపాటికి ఈడ ఉండకపోతుంటి."

హైమవతి గారు వెనక వరస దాకా నడిచి వెళ్లి జహూర్‌కి నమస్కారం పెట్టారు. ఆయన కంగారుగా లేచి నిలబడి, వార్నిష్ మరకల చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు. ఆయన కళ్లు నిండాయి, మసకకు ఈసారి వేరే కారణం.

తర్వాతి సంగతులు రెండు ముక్కల్లో చెబుతాను. ఫఖ్రున్నీసా పని ఖరారైంది, తర్వాత డాక్టరేటూ వచ్చింది. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పింది, పిల్లలకు మొదటి రోజే ఇనుము మీద చెయ్యి పెట్టి చూడడం నేర్పింది. కాశిఫ్ ఆ సాయంత్రమే మంచం మీది పుస్తకం తీసేసి, ఆ సోమవారం తన మెడలో బిళ్ళతోనే ఆఫీసంతా మిఠాయి పంచాడు. అన్న మాట ప్రకారం మళ్లీ నోరు తెరవలేదు, చెల్లెలి గురించి గొప్పలు చెప్పుకోవడానికి తప్ప.

జహూర్ కళ్లజోడు కొనుక్కున్నాడు. అది పెట్టుకుని తీగ చుడుతుండగా మొగిలయ్య ఇంకో కాలిన మోటరు తెచ్చి గుమ్మంలో దించాడు.

"ఈసారి జర పైలం జహూర్ భాయ్. గా మొన్నటి తప్పు మళ్ల జెయ్యకు" అన్నాడు.

జహూర్ కళ్లజోడు పైనుంచి ఆయన్ని చూశాడు.

"ఆ తప్పు ఇప్పుడు నా తాన లేదు మొగిలయ్యన్నా" అన్నాడు, ఎర్ర దారం కొరికి తెంపుతూ. "యూనివర్సిటోళ్లు తీస్కపోయిండ్రు."